పాలిచ్చే తల్లులు మినీ పిల్ ఎలా వేసుకోవాలి?

నా రెండో కాన్పు అయిన నలభై అయిదో రోజున చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ చీటీ మీద డెసోజెస్ట్రెల్ 75 అని రాసిచ్చారు. మెడికల్ షాపు అబ్బాయి స్ట్రిప్‌ను కాగితం కవర్లో వేసి "రోజుకొకటి మేడమ్" అన్నాడు. నాకు దొరికిన వివరం అంతే. ఏ టైమ్‌కి వేసుకోవాలి, మర్చిపోతే ఏం చేయాలి, నెలసరి రాకపోతే కంగారుపడాలా వద్దా, ఇవన్నీ నేనే ఒక్కొక్కటిగా తెలుసుకున్నాను. మొదటి మూడు నెలలూ టెన్షనే. ఆ టెన్షన్ ఇంకొకరికి రాకూడదని ఇది రాస్తున్నాను. మాత్ర మీకు పనికొస్తుందో లేదో తేల్చాల్సింది మాత్రం మీ డాక్టరే.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ మాత్రో చూసుకోండి

గర్భం రాకుండా రోజూ వేసుకునే హార్మోన్ మాత్రలు రెండు రకాలు. ఒక రకంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టోజన్ రెండూ ఉంటాయి. పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ఈ రకమే: 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. రెండో రకంలో ఈస్ట్రోజన్ ఉండదు, ప్రొజెస్టోజన్ ఒక్కటే ఉంటుంది. దీన్నే మినీ పిల్ అంటారు. నాకు రాసిచ్చిన డెసోజెస్ట్రెల్ ఈ రకమే.

బాలింతలకు ఈ తేడా చాలా ముఖ్యం. ఈస్ట్రోజన్ వల్ల పాలు తగ్గొచ్చు. కాన్పయిన కొత్తలో కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు అసలే ఎక్కువ, ఈస్ట్రోజన్ దాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే పాలిచ్చే తల్లులకు మొదటి ఆరు వారాలు రెండు హార్మోన్ల మాత్రలు ఇవ్వనే ఇవ్వరు, ఆరు నెలల దాకా కూడా సాధారణంగా వద్దంటారు. మినీ పిల్‌కి ఈ ఇబ్బంది లేదు. పాలలోకి కొద్దిగా హార్మోన్ వెళ్లినా, దాని వల్ల బిడ్డ ఎదుగుదలకు హాని జరిగినట్టు కనపడలేదు.

పేర్ల దగ్గర చాలామంది తికమకపడతారు. ఆశా కార్యకర్త ఇచ్చే ఛాయ మాత్ర మినీ పిల్ కాదు, అందులో హార్మోనే లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన మందు అది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి వేసుకోవాలి. దాన్నీ పాలిచ్చే తల్లులు వాడొచ్చు, కానీ లెక్క వేరు. కండోమ్ లేకుండా కలిశాక వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర ఐపిల్‌లో ఉన్నది ప్రొజెస్టోజనే. అయితే అందులో 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటుంది. అదే మందుతో చేసిన రోజువారీ మినీ పిల్‌లో ఉండేది 30 మైక్రోగ్రాములు, అంటే యాభయ్యో వంతు. ఐపిల్ అవసరం పడినప్పుడు ఒక్కసారి వేసుకునేదే, రోజూ వేసుకునేది కాదు.

ఇక మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాత్ర ఇంకొకటి ఉంది. వ్రతమో పెళ్లో తిరుపతి ప్రయాణమో ఉందంటే నెలసరి వాయిదా వేయడానికి వేసుకుంటారే, అది. అందులో ఉండే నోరెథిస్టెరాన్ కూడా ప్రొజెస్టోజనే, కానీ 5 మిల్లీగ్రాముల మోతాదు. అదే మందు మినీ పిల్‌లో 0.35 మిల్లీగ్రాములే ఉంటుంది. వాయిదా మాత్ర వేసుకుంటున్నాం కాబట్టి గర్భం రాదులే అనుకోకండి. ఆ పని కోసం ఇచ్చే మందు కాదది.

లోపల అది చేసే పని

గర్భాశయం ముఖద్వారం దగ్గర ఎప్పుడూ కొంత జిగురు ఉంటుంది. అండం విడుదలయ్యే రోజుల్లో అది గుడ్డు తెల్లసొనలా పలచగా, జారుడుగా మారి వీర్యకణాలకు దారిస్తుంది. మినీ పిల్ వేసుకుంటే ఆ జిగురు ముదిరిన బెల్లం పాకంలా చిక్కబడుతుంది. కణాలు దాన్ని దాటి పైకి పోలేవు. దాంతోపాటు గర్భాశయం లోపలి పొర పలచబడుతుంది.

పాతకాలపు మినీ పిల్స్ (లెవోనార్జెస్ట్రెల్, నోరెథిస్టెరాన్ రకాలు) ఎక్కువగా ఈ పాకం మీదే ఆధారపడతాయి. అండం విడుదలను అవి ఆపితే ఆపుతాయి, లేకపోతే లేదు. డెసోజెస్ట్రెల్ మాత్ర అలా కాదు, నూటికి 97 నెలసరి చక్రాల్లో అండం విడుదల కాకుండానే ఆపేస్తుంది. పాకం ఎలాగూ ఉంది, పైన ఇదొకటి.

ఈ తేడా నుంచే గడువు లెక్క వచ్చింది. మాత్ర వేసుకున్న 24 గంటల తర్వాత జిగురు మళ్లీ పలచబడటం మొదలవుతుంది. అందుకే పాతరకం మాత్ర మూడు గంటల కన్నా ఆలస్యమైతే మర్చిపోయినట్టే లెక్క. డెసోజెస్ట్రెల్‌కి పన్నెండు గంటల గడువుంది. డ్రాస్పిరెనోన్ అనే ఇంకో రకానికి ఇరవై నాలుగు గంటలు. మీ స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు ఒకసారి చదవండి, మీ గడువు ఎంతో తెలుస్తుంది.

మొదలుపెట్టడం

కాన్పయిన 21 రోజుల్లోపు మొదలుపెడితే మొదటి మాత్ర నుంచే రక్షణ ఉంటుంది. 21 రోజులు దాటాక మొదలుపెడితే, నెలసరి ఇంకా రాకపోయినా సరే, మొదటి రెండు రోజులు కండోమ్ వాడాలి. నలభై అయిదో రోజున మొదలుపెట్టాను కాబట్టి నేనూ అదే చేశాను. ఈలోపు కండోమ్ లేకుండా భర్తతో కలిసి ఉంటే, గర్భం లేదని తేల్చుకున్నాకే మొదలుపెట్టండి.

నెలసరి వస్తున్నవాళ్లు వచ్చిన అయిదు రోజుల్లోపు మొదలుపెడితే వెంటనే పనిచేస్తుంది. మిగతా ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు, అప్పుడు ఆ రెండు రోజుల జాగ్రత్త తప్పదు. కొన్ని పెట్టెల్లోని కాగితంలో రెండుకు బదులు ఏడు రోజులని రాసి ఉంటుంది. మీ కాగితంలో ఏడని ఉంటే ఏడే పాటించండి. డ్రాస్పిరెనోన్ అయితే నెలసరి మొదటి రోజునే మొదలుపెట్టాలి, లేకపోతే ఏడు రోజుల జాగ్రత్త తీసుకోవాలి.

"పాలిస్తున్నావుగా, గర్భం రాదులే" అనే మాట మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అందులో నిజం ఉంది, షరతులూ ఉన్నాయి. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, నెలసరి మళ్లీ మొదలై ఉండకూడదు. మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ భరోసా పోయినట్టే. రాత్రిపూట డబ్బా పాలు పట్టే ఇళ్లు ఎన్ని లేవు?

రోజూ వేసుకోవడం

తిన్నాక వేసుకున్నా, తినకముందు వేసుకున్నా ఒకటే. టైమ్ ఒక్కటే ముఖ్యం. నేను మొదట్లో రాత్రి తొమ్మిదింటికి టీవీలో సీరియల్ మొదలవగానే వేసుకోవాలని పెట్టుకున్నాను. సోమవారం నుంచి శనివారం దాకా బాగానే గడిచేది. ఆదివారం సీరియల్ ఉండదు. స్ట్రిప్ తీసి చూస్తే మిగిలిపోయినవన్నీ ఆదివారం మాత్రలే. అప్పుడు ఫోన్లో అలారం పెట్టి, స్ట్రిప్‌ను పళ్లు తోముకునే బ్రష్ పక్కన ఉంచాను.

కొన్ని స్ట్రిప్‌ల వెనుక రేకు మీద సోమ, మంగళ అని వారాల పేర్లు, బాణం గుర్తులు ఉంటాయి. ఏ వారం మొదలుపెట్టారో ఆ పేరున్న మాత్రతో మొదలెట్టి బాణాల వెంట వెళ్తే, ఇవాళ వేసుకున్నానా లేదా అన్న అనుమానం రాదు.

స్ట్రిప్ అయిపోయాక ఆగకండి. రెండు హార్మోన్లున్న 21 మాత్రల ప్యాక్ వాడి వచ్చినవాళ్లు "ఇక ఏడు రోజులు గ్యాప్ ఇవ్వాలి కదా" అనుకుంటారు. మినీ పిల్‌కి గ్యాప్ లేదు. డెసోజెస్ట్రెల్ స్ట్రిప్‌లోని 28 మాత్రలూ మందు ఉన్నవే, ఇవాళ ఆఖరిది వేసుకుంటే రేపు కొత్త స్ట్రిప్‌లో మొదటిది. నెలసరి వచ్చిన రోజున కూడా మానకూడదు. డ్రాస్పిరెనోన్‌లో మాత్రం 24 మందు మాత్రలు, 4 ఉత్తివి ఉంటాయి. అక్కడ కూడా వరుస తప్పకుండా వేసుకుంటూ పోవడమే.

బిడ్డను తీసుకుని అమెరికా వెళ్లేవాళ్లకు ఒక మాట. ఇక్కడ రాత్రి తొమ్మిదంటే వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం పదకొండున్నర. విమానం దిగాక అక్కడి టైమ్‌కి రాత్రి తొమ్మిదిదాకా ఆగొద్దు, పదకొండున్నరకే వేసేసుకోండి. తర్వాత కావాలంటే మెల్లగా ముందుకు జరుపుకోవచ్చు. అక్కడ నార్జెస్ట్రెల్ ఉన్న ఓపిల్ అనే మినీ పిల్‌ను చీటీ లేకుండా అమ్మడానికి 2023 జులైలో అనుమతిచ్చారు. దాని గడువు మూడు గంటలే. బ్రిటన్‌లో 2021 నుంచి డెసోజెస్ట్రెల్‌ను ఫార్మసిస్ట్‌తో మాట్లాడి చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. మన దగ్గర డాక్టర్ చీటీతోనే తీసుకోండి.

మర్చిపోతే

డెసోజెస్ట్రెల్ వాడుతూ రాత్రి తొమ్మిదింటికి వేసుకునేవాళ్ల లెక్క చూద్దాం. మర్నాడు ఉదయం ఏడింటికి గుర్తొచ్చిందా? పది గంటలే అయింది. వెంటనే వేసుకోండి, రాత్రిది రాత్రి వేసుకోండి, ఇంకేం చేయక్కర్లేదు. పదకొండింటికి గుర్తొస్తే పద్నాలుగు గంటలయింది, గడువు దాటింది. అప్పుడూ గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, రాత్రి తొమ్మిదింటికి మామూలు మాత్ర వేసుకోండి. ఒకే రోజు రెండు మాత్రలైనా ఫర్వాలేదు. కాకపోతే ఆ తర్వాత రెండు రోజులు కండోమ్ వాడాలి.

రెండు మూడు రోజులు వరుసగా మర్చిపోతే అన్నీ కలిపి మింగకండి. ఒక్కటే వేసుకుని, అక్కడి నుంచి మామూలుగా కొనసాగించాలి. మాత్ర తప్పినప్పటి నుంచి ఆ రెండు రోజులు పూర్తయ్యేలోపు కండోమ్ లేకుండా కలిస్తే ఎమర్జెన్సీ మాత్ర అవసరం కావచ్చు. లెవోనార్జెస్ట్రెల్ రకమైతే 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. డాక్టర్‌కి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోండి. విరేచనాలు విపరీతంగా అవుతుంటే మాత్ర ఒంటికి పట్టలేదనే అనుకుని, తగ్గాక కూడా రెండు రోజులు జాగ్రత్తగా ఉండండి.

ఒక్కటీ తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో వందమందిలో ఒకరికి కూడా గర్భం రాదు. మనుషులు మామూలుగా వాడే తీరులో, పాలివ్వని వాళ్లలో, వందకు ఏడుగురి దాకా వస్తుంది. ఆ తేడా అంతా ఆదివారాలదే!

నెలసరి సంగతి

ఎక్కువమంది ఈ మాత్ర మానేసేది ఇక్కడే. కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది, కొందరికి ఎప్పటిలాగే వస్తుంది, కొందరికి చెప్పాపెట్టకుండా రెండు చుక్కలు కనిపించి ఆగిపోయి మళ్లీ కనిపిస్తాయి. నాది మూడో రకం. వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున్నే కనిపించింది. పూజకు అన్నీ సర్దుకుని కూర్చున్న మా అత్తయ్య నా ముఖం చూసి "మళ్లీనా అమ్మా?" అన్నారు. ఆ చుక్కల్ని ముట్టుగా లెక్కపెట్టాలా వద్దా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. వైద్యం లెక్కలో అది లోపలి పలచటి పొర అక్కడక్కడా రాలడం, అంతే. చాలామందికి మూడు నాలుగు నెలల్లో సర్దుకుంటుంది.

నెలసరి రాకపోతే "చెడు రక్తం లోపలే ఉండిపోతుంది" అంటారు. లోపల ఏమీ ఉండిపోదు. పొర పలచగా ఉంది, రాలడానికి పెద్దగా ఏమీ లేదు, అందుకే రాలేదు. అయితే మధ్యలో మాత్రలు తప్పి, ఆ తర్వాత నెలసరి రాకపోతే ఒక టెస్ట్ చేసుకోండి. రక్తం బాగా ఎక్కువగా పోతున్నా, నెలల తరబడి ఆగకపోయినా డాక్టర్‌కి చూపించాలి. కొందరికి తలనొప్పి, రొమ్ముల్లో సలుపు, మొటిమలు, మూడ్ మారిపోవడం ఉంటాయి. విసుగొచ్చి మానేయాలనుకుంటే మానేయండి, కానీ ముందు ఇంకో పద్ధతి చేతిలో పెట్టుకోండి.

ఎవరికి వద్దు

రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు, ఇదివరకు వచ్చినవాళ్లు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు వేసుకోకూడదు. కిడ్నీ జబ్బుంటే డ్రాస్పిరెనోన్ వద్దు. బీపీ ఉన్నవాళ్లకు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ మాత్రలు పనికిరావు, మినీ పిల్ సాధారణంగా పనికొస్తుంది.

వేరే మందులు వాడుతుంటే డాక్టర్‌కి తప్పక చెప్పాలి. ముఖ్యంగా టీబీ మందు. అందులోని రిఫాంపిసిన్ మినీ పిల్‌ను పనిచేయనివ్వదు, కోర్సు ముగిశాక నాలుగు వారాల దాకా కూడా ఆ ప్రభావం ఉంటుంది. ఫిట్స్‌కి వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్ కూడా అంతే. జ్వరానికో గొంతునొప్పికో ఇచ్చే మామూలు యాంటీబయాటిక్స్‌తో ఈ గొడవ లేదు. ఈ మాత్ర సుఖవ్యాధుల నుంచి కాపాడదు, దానికి కండోమ్ ఒక్కటే దారి.

మాత్ర వాడుతుండగా పొత్తికడుపులో ఒక పక్కనే తీవ్రంగా నొప్పి వచ్చి, కళ్లు తిరిగితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఎప్పుడో అరుదుగా గర్భం వస్తే అది గర్భాశయంలో కాకుండా ట్యూబులో ఉండే అవకాశం ఉంది.

ఆపేయాలనుకుంటే

ఎప్పుడైనా ఆపొచ్చు, స్ట్రిప్ పూర్తిచేయాలని కూడా లేదు. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేయించుకునే అంతర ఇంజెక్షన్ ఆపాక మళ్లీ గర్భం రావడానికి నెలలు పడుతుంది కానీ, మినీ పిల్ ఆపిన రోజు నుంచే గర్భం రావచ్చు. ఇంకో బిడ్డ కావాలనుకునేవాళ్లకు అది సుఖమే. వద్దనుకునేవాళ్లు మాత్రం కాపర్-టీ వేయించుకునే దాకా మాత్ర వేసుకుంటూనే ఉండాలి. నేను అలాగే చేశాను. వేయించుకున్న రోజు రాత్రి తొమ్మిదింటికి అలారం మోగితే, అలవాటుగా బాత్రూమ్‌లో బ్రష్ పక్కకు చెయ్యి చాచాను.