కాజీపేటలో ‘ది స్టేషన్ ఏజెంట్’ వేయాలంటే: తెలుగు సబ్‌టైటిల్ రాసే పద్ధతి

2003లో టామ్ మెకార్తీ తీసిన ఈ అమెరికన్ సినిమాలో ఫిన్, ఒలీవియా, జో అనే ముగ్గురు ఒంటరివాళ్లు పాడుబడ్డ రైల్వే కట్టడం దగ్గర మెల్లగా కలిసిపోతారు. రైల్వే ఊరైన కాజీపేటలో పెద్దలకు చూపించడానికి ఇంతకన్నా మంచి సినిమా దొరకదు. అయితే తెలుగు సబ్‌టైటిల్ ఉండాలి.

సబ్‌టైటిల్ మాటలు, వాటి సమయాలు ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైల్‌ను యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను దాచే పద్ధతి) సేవ్ చేయండి. లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు, ప్రశ్నార్థకాలు వస్తాయి. సమయం 00:12:04,300 లాగా రాయాలి. సెకన్ల తర్వాత కామా, చుక్క కాదు. తెరమీద రెండు వరుసలకు మించొద్దు. కింది అంచు నుంచి కొంచెం పైకి జరపండి, లేదంటే వత్తులు తెగిపోతాయి.

ఆ రైల్వే కట్టడాన్ని ఇంగ్లిష్‌లో పిలిచే ‘డిపో’ మాటను అలాగే ఉంచకండి. మన దగ్గర డిపో అంటే బస్సులే గుర్తొస్తాయి. ‘పాత స్టేషన్’ చాలు.

అసలు కష్టం పిలుపుల్లో ఉంది. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే మాట, ‘యూ’. మనం మాత్రం ఫిన్, ఒలీవియా మధ్య ‘మీరు’తో మొదలుపెట్టి, ఏ సీన్‌లో ‘నువ్వు’కు దిగాలో ముందే తేల్చుకోవాలి. తొందరపడితే ఆ స్నేహం పెరిగిన తీరే కనబడదు. వాగుడుకాయ అయిన జో పాత్రకు మొదటి నుంచీ ‘అన్నా, నేను గూడ రావాల్నా?’ అనే ధోరణి సరిపోతుంది. ఫిన్‌కు ఒక్క ముక్క: ‘వద్దు.’

మాట ఆగిన అర సెకనులో అక్షరాలు తీసేయండి. ఇందులో మౌనం ఎక్కువ. అక్షరాలు మిగిలితే చూపు ముఖాల మీద నిలవదు.