కోడిపిల్లల పారుడు: మందు పోసినా తగ్గకపోతే ఏం చూడాలి

కోడికి పారుడు పట్టిందని ఎవరైనా వస్తే నేను అడిగేది రెండే. తెల్లారి మేత వేయకముందు మెడ కింది మేతసంచి తడిమి చూశారా? రాత్రి గంప కింద పేపరు పరిచారా? చూడరు. చూడకుండానే మెడికల్ షాపులో మనుషుల మాత్ర కొని, సగం విరిచి మింగించి, ఆ తర్వాత నా దగ్గరికొస్తారు.

పేపరు మీద రెట్ట ముదురు రంగు ముద్దగా ఉండి పైన తెల్లగా ఉంటే కోడికి ఏమీ లేదు. ఎనిమిది పది రెట్టలకొకటి బంకలా, గోధుమ రంగులో, ముక్కు మూసుకునేంత కంపుతో పడుతుంది. అదీ మామూలే. దాన్ని చూసి టెన్షన్ పడి మందు పోసినవాళ్లని చాలామందిని చూశాను. రోహిణి కార్తెలో నీళ్లలా వేస్తే అది ఎండకు తాగిన నీరే. నీడలో కట్టేసి చల్లటి నీళ్లు పెడితే చాలు.

మేత మానేసింది, మెడ కింద ఉబ్బుగా ఉంది

రాత్రి తిన్నది తెల్లారేసరికి దిగిపోవాలి, సంచి ఖాళీగా వేలాడాలి. పొద్దున కూడా బంతిలా గట్టిగా ఉంటే గడ్డిపోచో, వరిగడ్డో, నైలాను దారమో అడ్డుపడినట్టు. మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టండి. కొబ్బరినూనె కొన్ని చుక్కలు ముక్కు పక్కనుంచి వదిలి, రోజుకు మూడు నాలుగుసార్లు సంచిని మెల్లగా పిసకండి. రెండు రోజుల్లో మెత్తబడకపోతే కోసి తీయడం డాక్టరు పని.

సంచి నీళ్ల తిత్తిలా జావగా ఉండి నోట్లోంచి పులిసిన వాసన వస్తే అది వేరే. లోపల ఫంగస్ పెరిగింది. పులిసిన అన్నం, నానిన తవుడు వెంటనే ఆపండి, ఫంగస్ మందు డాక్టరుతో రాయించుకోండి. కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కించవద్దు, ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడికక్కడే పోతుంది.

పిల్లలు రెక్కలు వేలాడేసి ముడుచుకుంటున్నాయి, రెట్ట ఎర్రగా ఉంది

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు, ముసురు రోజులు, పేపరు మీద తుప్పు రంగు జిగురో నెత్తురో కనిపిస్తే నూటికి తొంభై పాళ్లు కాక్సిడియా అనే క్రిమి, అంటే రక్తపారుడు. నెత్తురు కనపడకుండా ఉత్త నారింజ రంగు జిగురు మాత్రమే పడే రకమూ ఉంది, అందుకే పేపరు పరచమంటాను. మట్టి నేల మీద అది కనపడదు.

మందు ఆంప్రోలియం. ఇది చాలామందికి తెలుసు. నాకూ తెలుసు. మూడేళ్ల కిందట కార్తీకంలో అల్పపీడనం పట్టి కావలి చుట్టుపక్కల వారం రోజులు వాన వదల్లేదు. మా గంపలో ఇరవై మూడు పిల్లలు. రెండోరోజే ఆంప్రోలియం మొదలుపెట్టాను. పిల్లలు నీరసంగా ఉన్నాయి కదా అని అదే నీళ్లలో బీ-కాంప్లెక్స్ టానిక్ కూడా పోశాను. మందులు అమ్మిన అబ్బాయే కలిపి ఇచ్చాడు. రోజుకొకటి రెండు పోయాయి. మా మేనత్త గుమ్మంలో నిలబడి "ఏమిరా, మందు పోస్తానే ఉన్నావు, అవి పోతానే ఉన్నాయి" అంది. తొమ్మిది పోయాక పశువుల డాక్టరు ఆ టానిక్ సీసా తిప్పి చూసి తల పట్టుకున్నాడు.

ఆంప్రోలియం చూడ్డానికి బీ1 విటమిన్‌లా ఉంటుంది. క్రిమి దాన్నే బీ1 అనుకుని తీసుకుని, అసలు బీ1 అందక చస్తుంది. మనం పైనుంచి అసలు బీ1 పోస్తే క్రిమికి భోజనం పెట్టినట్టే. ఆంప్రోలియం పోసే ఐదు రోజులూ బీ-కాంప్లెక్స్, లివర్ టానిక్, విటమిన్ కలిసిన ఎలక్ట్రోలైట్ పొడి ఏదీ వద్దు. సీసా వెనక బీ1 లేదా థయమిన్ అని ఉందేమో చదవండి. బలానికి ఏమైనా ఇవ్వాలంటే మందు పూర్తయ్యాక ఇవ్వండి.

20 శాతం పొడి అయితే 10 లీటర్లకు 12 గ్రాములు, ఐదు రోజులు. తర్వాత ఒకటి రెండు వారాలు 10 లీటర్లకు 3 గ్రాములు. వేరే శాతమైతే లెక్క మారుతుంది, ప్యాకెట్ చూడండి. నీళ్లు రోజూ మార్చాలి. ఇంకో సంగతి, పిల్లలు బయట గుంటలో వాన నీళ్లు తాగుతుంటే మీరు కలిపిన మందు ఎవరు తాగుతారు? ఆ ఐదు రోజులూ వాటిని బయటికి వదలొద్దు. లేవలేని పిల్లకు చుక్కల సీసాతో ముక్కు అంచున తాగించండి.

నేల సంగతి కూడా. రెట్టలో వచ్చే క్రిమి గుడ్డు తడిగా వెచ్చగా ఉన్న నేలలో ఒకటి రెండు రోజులకు గానీ అంటుకునే స్థితికి రాదు. రోజూ రెట్ట ఎత్తేసి, గంప జరిపి, తడిసిన ఊక మార్చితే ఆ గొలుసు తెగిపోతుంది. ఫినాయిల్, బ్లీచింగ్ దానికి ఆనవు, ఎండ, పొడి, మరిగే నీళ్లు పనిచేస్తాయి. నీళ్ల దొప్పను ఇటుక మీద పెట్టండి. దాని చుట్టూ ఉండే ఆ అరచేతి వెడల్పు బురదే జబ్బుకు పుట్టిల్లు.

మామూలు యాంటీబయాటిక్ ఈ క్రిమిని తాకదు. పోసి డబ్బు దండగ చేసుకోవద్దు.

మిగతావి

చిక్కిపోతున్న పెద్ద పెట్టలకు ఏలికపాముల మందు, డాక్టరు చెప్పిన మోతాదులో. మందు వేశాక ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అప్పుడే అడగండి. ఆకుపచ్చ పారుడు, గురక, మెడ తిప్పుకోవడం కలిస్తే కొక్కెర తెగులు. దానికి మందు లేదు. మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్2బీ టీకా వేయించుకున్నవాళ్లకే ధీమా. తెల్ల పారుడు, విషపు గింజలు తినడం లాంటివీ ఉంటాయి, వాటి గురించి ముందే బెంగ వద్దు.

ఒక్కరోజులో మంద మొత్తం కూలితే మాత్రం చేత్తో ముట్టుకోవద్దు, కోసి పంచవద్దు, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్‌ఫ్లూ బయటపడింది మన నెల్లూరు జిల్లాలోనే.