సర్పంచ్ గారూ, ఊరికి లెక్క ఇలా చెప్పండి

గెలిచిన కొత్తలో జనం ఏం చేస్తావని అడుగుతారు. ఏడాది తిరిగేసరికి ఏం చేశావని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నకి మన అనంతపురం పల్లెల్లో చాలామంది సర్పంచులు, వార్డు మెంబర్లు ఫోటోలతో జవాబు చెప్తున్నారు. భూమిపూజ ఫోటో, టెంకాయ కొట్టిన ఫోటో, శాలువా కప్పిన ఫోటో అన్నీ ఊరి వాట్సాప్ గ్రూపులో పడతాయి. కాలనీ చివరి ఇంటికి నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయో మాత్రం ఎవరికీ తెలియదు. మీరు చెప్పే మాట ఎట్లా ఉండాలంటే, విన్నవాళ్ళు లేచి ఆ వీధికి పోయి నిలబడి, అవునో కాదో చూసుకోగలగాలి. ఆ ఒక్కటి పట్టుకుంటే చాలు, కింద రాసేదంతా దానికోసమే.

ముందు కాగితాలు దగ్గర పెట్టుకోండి. గ్రామ సచివాలయంలో పంచాయతీ సెక్రటరీ దగ్గర ఒక పూట కూర్చుని, సాధారణ నిధిలో ఎంతుంది, ఇంటిపన్ను నీటిపన్ను ఎంత వసూలైంది, ఎంత బాకీ ఉంది, కేంద్రం నుంచి పంచాయతీలకి వచ్చే ఆర్థిక సంఘం డబ్బులు ఎంత వచ్చాయి, అందులో దేనికి ఎంత పోయింది, ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. ఆయన ఇచ్చిన ప్రింటు చేతిలో పట్టుకుంటే సరిపోదు, మీరు రాసుకుంటేనే ఎక్కడ అర్థం కాలేదో తెలుస్తుంది. పని ఎంతవరకు వచ్చిందో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడగండి, ఉపాధి పనుల సంగతి ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడగండి. ఇంకో మాట, మీ పంచాయతీ ప్రణాళిక, ఖర్చు ఈ-గ్రామస్వరాజ్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫోన్లో చూడొచ్చు. బెంగళూరులో ఉద్యోగం చేసే మీ ఊరి కుర్రాడు దాన్ని చూసి గ్రూపులో పెట్టి ఇదేందన్నా అని అడిగే దాకా ఆగకుండా, మీరే ముందు చెప్పేయండి.

కాగితాలు అయ్యాక వీధిలోకి వెళ్ళాలి. పగలు పదకొండుకి కాదు, నీళ్ళు వదిలే టైంకి. ట్యాంకు దగ్గరి వీధిలో బిందె నిమిషంలో నిండుతుంటుంది. పైపు చివర్న ఉన్న కాలనీలో చూడండి, కుళాయి చుట్టూ మోకాలి లోతు గుంత తవ్వి, పైపు కోసేసి, ఆ గుంతలో దిగి బిందె పెట్టుకుంటూ ఉంటారు. నేల మట్టానికి పైన ఉన్న కుళాయికి నీళ్ళు ఎక్కవు కాబట్టి ఆ గుంత. మురికినీళ్ళు కూడా అందులోకే దిగుతాయి. మధ్యలో ఎవరో ఒకరిద్దరు లైనుకి మోటారు తగిలించి లాగేస్తుంటారు, అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఇదంతా మీరు కళ్ళారా చూడకుండా "ఇంటింటికీ కుళాయి ఇచ్చాం" అని మైకులో చదివితే, ఆ గుంతలో దిగిన ఆడమనిషి మీ మాట ఇంకెప్పుడూ నమ్మదు.

మన దగ్గర వానలు తక్కువ, అందుకే నీళ్ళ గురించే కాస్త ఎక్కువ రాస్తాను. నీళ్ళ సంగతి చెప్పేటప్పుడు లెక్క కట్టి చెప్పండి, కష్టమేం కాదు. ఇంటింటికీ కుళాయి నీళ్ళిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకి 55 లీటర్లు. ఊరు 1,200 మంది అనుకుందాం, అంటే 66,000 లీటర్లు కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు 40,000 లీటర్లదైతే రోజుకి ఒక్కసారి నింపితే చాలదు. బోరు నిమిషానికి 100 లీటర్లు పోస్తుంటే ఆ 66,000 లీటర్లకి పదకొండు గంటలు మోటారు ఆడాలి. మరి కరెంటు ఎన్ని గంటలు ఉంటోంది, ఎండాకాలం బోరు ఎంత తగ్గుతోంది? ఈ నాలుగు ముక్కలు బోర్డు మీద రాసి చూపించారంటే, చదువుకోని ముసలాయన కూడా కొరత ఎక్కడుందో పట్టేస్తాడు, ఇంకో బోరు కావాలా, ఇంకో ట్యాంకు కావాలా, లేక లైను మార్చాలా అనేది ఊరే మాట్లాడుకుంటుంది. లెక్క చెప్పకుండా "నీటి ఎద్దడి తీవ్రంగా ఉంది" అంటే సానుభూతి వస్తుందేమో గానీ నీళ్ళు రావు.

నీళ్ళు ఎక్కడివో కూడా విడదీసి చెప్పాలి. మన జిల్లాలో 1990ల్లో కట్టిన సత్యసాయి నీటి పథకం ఏడొందలకి పైగా గ్రామాలకి ఆధారమైంది. ఊళ్ళో ఆ పైపు నీళ్ళు ఒకటి, పంచాయతీ బోరు నీళ్ళు ఒకటి. పెద్ద పథకం పైపు పగిలితే మీరు చేయగలిగింది గ్రామీణ నీటి సరఫరా శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఫోన్ చేసి వెంటపడటమే, బోరు మోటారు కాలితే మాత్రం అది మీ పనే. బోరు నీళ్ళ పరీక్ష రిపోర్టు కూడా చదవండి, ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు, "ఈ బోరు నీళ్ళు వాడుకకే, తాగొద్దు" అని ఆ కుళాయి దగ్గరే పెయింటుతో రాయించండి. భయపెట్టినట్టు ఉంటుందని దాచొద్దు. పళ్ళు గారపట్టిన పిల్లలున్న ఊళ్ళు మనకి కొత్తేం కాదు.

ఇక డబ్బులు. ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే, ఎందుకంటే ఖాతాలో డబ్బు ఉండి కూడా రోడ్డు ఎందుకు వేయలేదో జనానికి అర్థం కాదు. 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో 60 శాతం షరతులతో వచ్చేవి, అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది, అది కూడా జీతాలకి కాదు. ఆ లెక్కన పది లక్షలు వస్తే మూడు లక్షలు నీళ్ళకి, మూడు లక్షలు కాలువలు, చెత్త వంటి వాటికి, నాలుగు లక్షలు మిగతా పనులకి. ఇట్లా లక్షల్లో విడగొట్టి చెప్పండి, శాతాలు ఎవరికీ ఎక్కవు. ఏ ఏడాది డబ్బు గురించి చెప్తున్నారో ఆ ఏడాది ఉత్తర్వు చూసుకుని చెప్పండి, పాత షరతులు కొత్త డబ్బుకి అంటగట్టొద్దు. పన్ను బాకీ చెప్పేటప్పుడు మాత్రం పేర్లు చదవకండి, వీధివారీగా మొత్తం చెప్తే చాలు.

పని ఎక్కడుందో చెప్పే పద్ధతి కూడా ఒకటుంది. "ప్రాసెస్‌లో ఉంది" అనే మాట మీ నోటి నుంచి రానివ్వకండి, దానికి అర్థం లేదు. ప్రతి పనీ తీర్మానం, ఎస్టిమేటు, అనుమతులు, పని మొదలవ్వడం, కొలతలు ఎం బుక్కులో (పని కొలతలు రాసే పుస్తకంలో) ఎక్కడం, బిల్లు పెట్టడం, డబ్బు పడటం అనే మెట్లు ఎక్కుతుంది. ఏ మెట్టు మీద ఆగిందో, ఎవరి దగ్గర ఆగిందో, ఎన్నాళ్ళుగా ఆగిందో చెప్పండి. బిల్లు రాక పని చేసినవాడు అప్పుల్లో ఉంటే అది కూడా చెప్పండి, ఊరికి తెలియాలి.

చేయలేకపోయిన పని గురించి చాలామంది దాటేస్తారు. నా అభిప్రాయంలో మొత్తం మాటల్లో ఊరు చెవులు రిక్కించి వినేది అదే. చేయలేదు అని ఒక్క మాటలో చెప్పి, కారణం ఇంకో మాటలో చెప్పి, ఆపేయండి. పాత సర్పంచ్ మీదికి తోయొద్దు, పార్టీ పేరు ఎత్తొద్దు. వర్గాలుగా చీలిన ఊళ్ళో అయితే ఇంకా జాగ్రత్త అవసరం. వీధుల పేర్లన్నీ వరసగా రాసి ఒక్కో వీధికి ఏం జరిగిందో పక్కన పెట్టండి, ఖాళీగా ఉన్న వీధి ఖాళీగానే కనపడనివ్వండి. మీకు ఓటేయని వీధి ఖాళీగా ఉంటే ఊరు అడుగుతుంది, అడగనివ్వండి, వచ్చే ప్రణాళికలో ఆ వీధి పేరు ముందు రాయండి.

మీ చేతిలో లేని పనులకి దారి చూపిస్తే చాలు. కరెంటు పోతే 1912, పట్టా సంగతైతే తహసీల్దారు ఆఫీసు, పెన్షన్, రేషన్ కార్డు అయితే సచివాలయం, ఎక్కడా తెగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. "నేను చూసుకుంటాలే" అని మాట ఇచ్చి మర్చిపోయేకంటే, అర్జీ రాయించి రసీదు తీసుకోమని చెప్పడం వాళ్ళకి మేలు.

చెప్పేది ఎట్లా చెప్పాలంటే, వాట్సాప్ మెసేజ్ ఇట్లా ఉండొచ్చు, అంకెలు ఊహించి రాసినవి:

"మూడు నెలల పనుల లెక్క. నీళ్ళు: చెరువు కింది బోరు మోటారు కాలితే వైండింగ్ చేయించాం, 14,500 అయింది, సాధారణ నిధి నుంచి. కాలనీ చివరి 18 ఇళ్ళకి ఇంకా నీళ్ళు సరిగా ఎక్కడం లేదు. కొత్త పైపుకి ఎస్టిమేటు అయింది, అనుమతి రాలేదు. అది వచ్చేదాకా పొద్దున 6 నుంచి 7 వరకు కాలనీకి విడిగా వదులుతాం, వదలకపోతే నన్ను అడగండి. కాలువలు: రామాలయం వీధి, బడి వీధి పూడిక తీశాం. మిగతా వీధులు తీయలేదు. దీపాలు: 22 మార్చాం, బస్టాండు దగ్గర 3 వెలగడం లేదు. చేయలేనిది: బడి ముందు సీసీ రోడ్డు, ఈ ఏడాది డబ్బు చాలదు. లెక్కల కాగితం సచివాలయం గోడకి అంటించాం."

అంతే, ఒక ఫోటో పెట్టాలనిపిస్తే ఎం బుక్కులో కొలతలు రాసిన పేజీ పెట్టండి. లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్న జాబితాలు మాత్రం ఎప్పుడూ గ్రూపులో వేయొద్దు.

మెసేజ్ చదివేది ఎక్కువగా ఊరు విడిచి బెంగళూరు పోయినవాళ్ళు, ఊళ్ళో మిగిలిన అవ్వాతాతల దగ్గర అలాంటి ఫోన్ ఉండదు. అందుకని చాటింపు వేయించండి, అదే సంగతి రచ్చకట్ట దగ్గర చదివి వినిపించండి. వేరుశనగ విత్తే రోజుల్లో, కాయ పీకే రోజుల్లో సభ పెడితే పదిమంది కూడా రారు. పొదుపు సంఘాల మీటింగుకి మీరే వెళ్ళి ఒకసారి చెప్పండి, నీళ్ళ గురించి అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్ళవే కదా, సర్పంచ్ మీరైతే కాగితం మీరే చదవండమ్మా, భర్తో మరిదో మైకు పట్టుకోవడం వద్దు. మొదటిసారి గొంతు వణికితే వణకనివ్వండి.

గ్రామసభ వేరు, దాన్ని వాట్సాప్‌తో సరిపెట్టకూడదు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారమే ఏడాది లెక్కలు, ఆడిట్ రిపోర్టు గ్రామసభ ముందు పెట్టాలి. మనవాళ్ళకి ఇది కొత్త కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. తర్వాత వచ్చిన సామాజిక తనిఖీల్లో మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) ఊరందరి ముందు పైకి చదివించుకున్న జిల్లా ఇది. చదివేటప్పుడు ఆపి "నేను ఆ వారం పనికి పోలేదే" అని లేచి చెప్పినవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు. మీ లెక్కనీ అట్లా ఆపి అడగనివ్వండి, జవాబు తెలియకపోతే తెలుసుకుని ఫలానా తేదీలోగా చెప్తానని అక్కడికక్కడే రాసుకోండి.

ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టుకోండి. ఎవరు ఏమడిగారు, ఏ తేదీకి చెప్తానన్నారు, చెప్పారా లేదా. మూడు నెలల తర్వాత మళ్ళీ ఊరి ముందు నిలబడినప్పుడు కొత్త పనులతో మొదలుపెట్టకండి, ఆ నోట్‌బుక్‌లో పోయినసారి రాసుకున్న ప్రశ్నలు తీసి, ఒక్కోదానికి జవాబు చెప్పాకే కొత్త సంగతులకి రండి.