జియోథర్మల్ బావికి రిగ్ దిగకముందే: సలహా బోర్డు వేసేవాళ్ళు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

2025 సెప్టెంబర్‌లో కేంద్రం జాతీయ జియోథర్మల్ (భూమి లోపలి వేడి నుంచి శక్తి తీసే) విధానం ప్రకటించినప్పటి నుంచి వేడినీటి బుగ్గ ఉన్న ప్రతిచోటా పైలట్ ప్రాజెక్టు మాట వినబడుతోంది. యూనివర్సిటీలు, ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు ప్రతిపాదనలు రాసుకుంటున్నాయి. ఆ ప్రతిపాదనల్లో ఎక్కడో చివరి పేజీల్లో 'నిపుణుల సలహా బోర్డు' అని ఒక పేరా ఉంటుంది. నా టెన్షన్ అంతా ఆ పేరా గురించే.

లద్దాఖ్‌లోని పూగా లోయలో 2022 ఆగస్టులో ఓఎన్‌జీసీ ప్రాజెక్టు బావి తవ్వుతుంటే వేడి ద్రవం ఒత్తిడితో పైకి తన్నుకొచ్చి పక్కనున్న వాగులో కలిసింది, పని ఆపేయాల్సి వచ్చింది. అది దాదాపు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న చోటు. చాంగ్‌పా కాపరులు మేకలు మేపుకునే నేల, నల్లమెడ క్రేన్ పక్షులు వచ్చే చిత్తడి. ఆ వాగు నీళ్ళే వాళ్ళకీ వాళ్ళ మందలకీ ఆధారం.

ఇక మన దగ్గర. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్‌లో కూడా తెలిసింది. దానికీ జియోథర్మల్‌కీ ఏ సంబంధమూ లేదు, ఆ పుకారు దయచేసి ఎవరూ పుట్టించకండి. కానీ మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి వేడినీటితో నడిచే 20 కిలోవాట్ల ప్లాంటు పెట్టింది అదే గోదావరి లోయలో, 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది కూడా ఆ లోయలోనే. పగిడేరులో నీళ్ళు వాటంతట అవే పైకి వస్తాయి, రాయిని పగలగొట్టే పని లేదు, కాబట్టి ఇప్పుడు భయపడాల్సింది లేదు. రేపు ఎవరైనా ఇంకా లోతుకి వెళ్ళి, ఎండు గ్రానైట్‌లోకి ఒత్తిడితో నీళ్ళు పంపి పగుళ్ళు తెరుస్తామంటే మాత్రం కథ మారుతుంది. పగుళ్ళలో నీటి ఒత్తిడి పెరిగితే అక్కడున్న ఫాల్ట్‌ని (రాయి జారగలిగే పెద్ద పగులుని) జారకుండా పట్టి ఉంచే రాపిడి తగ్గిపోతుంది. బోర్డు అవసరం అక్కడే.

హెల్మెట్లు, గ్యాస్ మీటర్లు, కోరం, టీఏ డీఏల గురించి నేను చెప్పక్కర్లేదు, అవి మీకు తెలుసు. మంచి మంచి బోర్డుల్ని కూడా పనికిరాకుండా చేసిన తప్పు ఒకటుంది, దాని గురించే చెప్తాను. బోర్డుకి డేటా ప్రాజెక్టు డైరెక్టర్ చేతి మీదుగా అందడం.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. సమావేశం సోమవారం ఉంటే ఆదివారం రాత్రి పీపీటీ వస్తుంది. అందులో ఉష్ణోగ్రత గ్రాఫు అందంగా ఉంటుంది, తవ్విన లోతు ఉంటుంది, మిగిలిన బడ్జెట్ ఉంటుంది. నైట్ షిఫ్ట్‌లో మడ్ (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం) ఇంజినీరు డైలీ డ్రిల్లింగ్ రిపోర్ట్‌లో చేత్తో రాసిన వాక్యం, "తెల్లవారుజామున ట్యాంకులో మడ్ మట్టం పడిపోయింది, లాస్ట్ సర్క్యులేషన్ మెటీరియల్ (మడ్ ఇంకిపోయే పగుళ్ళు పూడ్చే పదార్థం) వేసి తవ్వకం కొనసాగించాం" అన్నది ఉండదు. ఎవరో కావాలని దాచారని కాదు. రిపోర్టుని వారానికోసారి కుదిస్తారు, దాన్ని నెలకోసారి మళ్ళీ కుదిస్తారు, ఆ కుదింపులో అసలు ముక్కే జారిపోతుంది. బోర్డులో ఎవరైనా ఆ రోజు లాగ్ చూపించమంటే "సమ్మరీలో ఉంది సార్" అంటారు. టీ వచ్చేస్తుంది, ఎజెండాలో తర్వాతి అంశానికి వెళ్ళిపోతారు.

ఈ చిన్న విషయానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో తెలిసింది. అదొక జియోథర్మల్ ప్రాజెక్టు, నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున్న రెండు బావులు. రెండో బావి తవ్వేటప్పుడు దాదాపు 3,800 మీటర్ల దగ్గర మడ్ భారీగా భూమిలోకి ఇంకిపోయింది. అంత లోతులో మడ్ అలా పోతోందంటే కింద రాయి పగిలి ఉందని, ఫాల్ట్ ఉండొచ్చని అనుమానించాలి. తర్వాత నీళ్ళు పంపడం మొదలైంది. 2017 ఏప్రిల్ 15న 3.2 తీవ్రతతో ప్రకంపన వచ్చింది. ఆగస్టులో మళ్ళీ పంపింగ్ చేశారు, సెప్టెంబర్‌లో ఆపారు. దాదాపు రెండు నెలలకి, నవంబర్ 15న, 5.5 తీవ్రతతో భూకంపం. వందలాది కుటుంబాలు ఇళ్ళు వదిలి వచ్చాయి, మర్నాడు జరగాల్సిన దేశవ్యాప్త కాలేజీ ప్రవేశ పరీక్షను వారం వాయిదా వేశారు. 2019 మార్చిలో ప్రభుత్వ కమిటీ ఈ భూకంపాన్ని ప్రాజెక్టే ప్రేరేపించిందని తేల్చింది. వాళ్ళు చేసిన ముఖ్యమైన పని, అంతకుముందు రికార్డయిన చిన్న ప్రకంపనలు ఎక్కడెక్కడ పుట్టాయో మళ్ళీ జాగ్రత్తగా లెక్కగట్టడం. అవి గోడకి కొట్టిన మేకుల్లా ఒకే తలం మీద పడ్డాయి. పెద్ద భూకంపం జారింది ఆ తలం మీదే.

అంటే హెచ్చరిక రికార్డుల్లోనే ఉంది. దాన్ని బయటి కళ్ళతో సమయానికి చూసినవాళ్ళు లేరు. అందుకే మళ్ళీ చెప్తున్నాను, బోర్డుకి డేటా నేరుగా వెళ్ళాలి.

దీనికి భిన్నంగా 2018లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి పక్కన జియోథర్మల్ బావిలో ఆరు కిలోమీటర్ల లోతులో నీళ్ళు పంపారు. 2.1 వస్తే పని బంద్ అని అధికారులు ముందే గీత గీశారు. ప్రకంపనల లెక్కలు అప్పటికప్పుడు చూస్తూ పంపింగ్ తగ్గిస్తూ, ఆపుతూ నడిపారు. అతిపెద్దది 1.9 దగ్గర ఆగింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జరిగింది వేరు. 1356లో భూకంపంతో నాశనమైన ఆ ఊరి కిందే 2006 డిసెంబర్‌లో పంపింగ్ మొదలుపెడితే వారం తిరగకముందే 3.4 వచ్చింది. ప్రమాదం ఎంతో పూర్తిగా లెక్కగట్టిన అధ్యయనం ఆ తర్వాత వచ్చింది, అది చూసి 2009లో ప్రాజెక్టు మూసేశారు. ముందు చేయించాల్సింది తర్వాత చేయించారు.

ఎవర్ని కూర్చోబెట్టాలి? భూకంప శాస్త్రవేత్త కావాలి, అదీ మనిషి పనుల వల్ల వచ్చే ప్రకంపనల మీద పనిచేసినవాళ్ళు. దీనికోసం విదేశాలకే వెళ్ళక్కర్లేదు. 1967 కొయినా భూకంపం తర్వాత జలాశయాలకీ ప్రకంపనలకీ ఉన్న సంబంధం మీద మన దేశంలో దశాబ్దాలుగా పని జరిగింది, అందులో పెద్ద భాగం హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐది. వేడి బావిలో కిక్ (కింది ద్రవం ఒత్తిడితో బావిలోకి తన్నుకురావడం) వచ్చినప్పుడు చేతులతో పని చేసిన డ్రిల్లింగ్ ఇంజినీరు ఒకరు కావాలి, పుస్తకం రాసిన ప్రొఫెసర్ ఆ లోటు తీర్చలేరు. నీటి రసాయనం తెలిసినవాళ్ళు తప్పనిసరి, ఎందుకంటే ఈ వేడినీళ్ళు మామూలు నీళ్ళు కావు. పూగా నీళ్ళలో బోరాన్ ఎక్కువ, అక్కడ బోరాక్స్, గంధకం పేరుకుని ఉంటాయి. అవి వాగులోకి పోతే పంటకీ పశువుకీ కీడు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఊరి మనిషి. పూగాలో అయితే చాంగ్‌పా కాపరి, గోదావరి లోయలో అయితే అక్కడి కోయ గూడెం నుంచి ఒకరు. ఆహ్వానితులుగా కాదు, ఓటున్న సభ్యులుగా. బుగ్గ నీళ్ళ రంగు మారినా, ఊట తగ్గినా ముందు కనబడేది వాళ్ళకే.

ఇక ఇవి రాసి గోడకి అంటించుకోండి.

రిగ్ టెండర్ పిలవకముందే బోర్డు వేయండి. రిగ్ వచ్చి నిలబడ్డాక రోజుకింత అద్దె పడుతుంటే ఎవరూ "ఆగండి" అనలేరు.

రిగ్ కాంట్రాక్టరుతో, సీస్మిక్ నెట్‌వర్క్ (ప్రకంపనలు కొలిచే సీస్మోమీటర్ల వ్యవస్థ) నడిపేవాళ్ళతో చేసుకునే ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించండి: డైలీ రిపోర్టులు, ప్రకంపనల లెక్కలు, పంపింగ్ ఒత్తిడి ప్రాజెక్టుకి వెళ్ళిన క్షణమే బోర్డుకీ వెళ్తాయి. తర్వాత సర్క్యులర్ ఇస్తాం అంటే ఒప్పుకోవద్దు.

ఏ తీవ్రత దగ్గర తగ్గించాలి, ఏ తీవ్రత దగ్గర ఆపాలి, తవ్వకం మొదలవ్వకముందే అంకెల్లో రాయండి. ఆ అంకె మార్చాలంటే బోర్డు సంతకం కావాలి. ఊరికి దగ్గరగా ఉంటే అంకె ఇంకా తగ్గించండి.

ఆపే అధికారం ఒక్కరికి ఫోన్‌లో ఉండాలి. అర్ధరాత్రి కోరం దొరకదు.

మడ్ లాస్ అయితే ఆ రోజే బోర్డుకి తెలియాలి.

ప్రాజెక్టు నుంచి కన్సల్టెన్సీ డబ్బు తీసుకునేవాళ్ళు బోర్డులో వద్దు. వాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే.

అధ్యక్షుణ్ణి ప్రాజెక్టు డైరెక్టర్ ఎంపిక చేయకూడదు.

పంపింగ్‌కి కనీసం ఏడాది ముందు నుంచి సీస్మోమీటర్లు నడవాలి. సహజంగా వచ్చే ప్రకంపనలేవో తెలియకపోతే మీవేవో ఎలా చెప్తారు?

బుగ్గలు, బావులు, వాగు, అన్నిటి నీళ్ళ నమూనాలు తవ్వకానికి ముందే తీసి భద్రపరచండి. వాటి ఫలితాలు గ్రామ సభలో తెలుగులో చదివి వినిపించండి.

బోర్డు సలహా ఇస్తే రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఒప్పుకోకపోతే ఎందుకో రాయాలి. మినిట్స్‌లో అసమ్మతి పేరుతో సహా ఉండాలి.

పూగా లాంటి చోట పని చేసేది వేసవి నుంచి మంచు పడే దాకా ఉండే కొద్ది నెలలే. "సీజన్ అయిపోతోంది" అనే మాటకి లొంగొద్దు.

బోర్డుకి పీపీటీ ఒక్కటే వచ్చిందా, సమావేశం వాయిదా వేయండి. లాగ్‌లు వచ్చాకే కూర్చోండి.

పంపింగ్ ఆగిన రోజే బోర్డుని రద్దు చేయొద్దు. పోహాంగ్‌లో పెద్దది వచ్చింది ఆపిన దాదాపు రెండు నెలలకి. సీస్మోమీటర్లు నడిచినంత కాలం బోర్డు ఉండాలి, వాటి డేటా బోర్డుకి నేరుగా వస్తూనే ఉండాలి, దానికయ్యే ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే విడిగా పెట్టేయండి.