ఇంటర్వ్యూ పాఠాలు – 4: "మీరేమైనా అడగాలా?" అన్నప్పుడు

పోయిన పాఠంలో మన గురించి మనం చెప్పుకోవడం చూశాం. ఈసారి చివరి ఐదు పది నిమిషాల సంగతి. వాళ్ల ప్రశ్నలన్నీ అయిపోయాక "మీరేమైనా అడగాలా?" అంటారు, మనలో చాలామంది "ఏం లేదండీ, అన్నీ చెప్పేశారు" అని లేచిపోతాం. అంతమాత్రాన ఉద్యోగం రాదని నేననను. కానీ రోజులో సగం గడపబోయే చోటు గురించి ఏమీ తెలుసుకోకుండా బయటికొచ్చేసినట్టే కదా.

ఇవాళ్టికి ఒక్క పద్ధతి పట్టుకుంటే చాలు: అభిప్రాయం అడగకండి, జరిగింది అడగండి.

"మీ దగ్గర పని వాతావరణం ఎలా ఉంటుంది?" అంటే "చాలా బాగుంటుంది, అందరం ఒక కుటుంబంలా ఉంటాం" అనే వస్తుంది. ఇంకేం చెబుతారు పాపం! అదే "ఈమధ్య డెడ్‌లైన్ మీదకొచ్చినప్పుడు టీమ్ ఎలా నెట్టుకొచ్చింది?" అని అడిగి చూడండి. ఆ మనిషి కాసేపు ఆగి గుర్తుచేసుకోవాలి. "రెండు శనివారాలు రావాల్సి వచ్చింది, తర్వాత వారం అందరికీ సెలవిచ్చాం" అనొచ్చు, శనివారాల మాట వచ్చి సెలవు మాట రాకపోనూవచ్చు. మీకు రెండూ జవాబులే. అలాగే "ఎదిగే అవకాశాలున్నాయా?" బదులు "ఇదే పోస్టులో ముందు చేరినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అనండి. "ట్రైనింగ్ ఇస్తారా?" బదులు "ఆఖరున చేరినవాళ్లకి మొదటి వారం ఎవరు దగ్గరుండి చూపించారు?" అనండి.

నన్నడిగితే అన్నిటికంటే విలువైన ప్రశ్న, ఈ పోస్టు ఎందుకు ఖాళీగా ఉంది అన్నది. దాన్ని పోలీసు విచారణలా కాకుండా మామూలుగా మొదలుపెట్టాలి: "ఇది కొత్త పోస్టా, ఇంతకుముందు ఎవరైనా చూసుకునేవారా?" కొత్తదైతే, ఇప్పటిదాకా ఆ పని ఎవరి నెత్తిన ఉందో, ఇప్పుడే మనిషి ఎందుకు కావాల్సి వచ్చిందో అడగండి. పాతదైతే, ఆ మనిషి ప్రమోషన్ మీద వెళ్లారా, మానేశారా, ఎన్నాళ్లు చేశారు అన్నది మాటల్లో మెల్లగా తేలుతుంది. వెళ్లిపోయిన మనిషిని మీ ముందే తీసిపారేస్తూ మాట్లాడారంటే మాత్రం ఒకసారి ఆలోచించుకోండి, రేపు మీ సీటుకి ఇంటర్వ్యూకొచ్చినవాళ్ల ముందు మీ గురించీ అలాగే చెబుతారు.

దీని తర్వాత నేను పెట్టేది: "మొదటి మూడు నెలల్లో నేనేం చేసి చూపిస్తే సరైన మనిషినే తీసుకున్నాం అనుకుంటారు?" మేనేజర్ తడుముకోకుండా రెండు మూడు పనులు చెబితే అక్కడ పని మీద స్పష్టత ఉన్నట్టు. "మీరు చేరండి, చూద్దాం" అంటే, ప్రొబేషన్ (చేరిన కొత్తలో పనితీరు చూసే గడువు) అయ్యేనాటికి మిమ్మల్ని దేన్ని బట్టి లెక్కగడతారో వాళ్లకే తెలియదు.

ఎవరిని అడుగుతున్నామన్నదీ చూసుకోవాలి. నోటీస్ పీరియడ్ (మానేస్తామని చెప్పాక ఇంకా పనిచేయాల్సిన గడువు), షిఫ్టులు, ప్రొబేషన్, జీతంలో ఏ భాగం ఎంత అన్నవి హెచ్ఆర్‌కి. టెక్నికల్ ప్యానెల్‌ని జీతం అడిగితే వాళ్లూ ఇబ్బంది పడతారు, మీకూ జవాబు రాదు. రేపు మీతో కలిసి పనిచేయబోయేవాళ్లు ప్యానెల్లో ఉంటే "నిన్న మీ రోజు ఎలా గడిచింది?" అని అడగండి, మీటింగులు ఎన్నో అసలు పని ఎంతో వాళ్లే చెబుతారు. ఒకటి రెండు ప్రశ్నలు మాత్రం కావాలనే హెచ్ఆర్‌నీ మేనేజర్‌నీ ఇద్దరినీ అడగండి. హెచ్ఆర్ "కొత్త పోస్టు" అని, మేనేజర్ "మనిషి మానేశారు" అని అన్నారనుకోండి, అప్పుడు తెలుస్తుంది సంగతి.

వెబ్‌సైట్లో రాసున్నదాన్ని అడగొద్దు. "నేను సెలెక్ట్ అయినట్టేనా?" అనీ వద్దు, "తర్వాత ఇంకెన్ని రౌండ్లు, ఎప్పటికల్లా చెబుతారు?" అంటే సరిపోతుంది. నోట్‌బుక్ చూసి అడిగితే తప్పేం లేదు. అయితే రాసుకెళ్లిన ప్రశ్న కంటే "ఇందాక మీరు కొత్త సిస్టమ్‌కి మారుతున్నాం అన్నారు కదా, పాతదాంతో ఏం ఇబ్బంది వచ్చింది?" లాంటిది ఎప్పుడూ బాగా పనిచేస్తుంది, మీరు వింటున్నారని వాళ్లకి తెలుస్తుంది. అడిగాక మాత్రం దయచేసి ఆగండి. వాళ్లు ఆలోచిస్తుంటే మధ్యలో టెన్షన్ పడి మనమే జవాబు అందించేస్తుంటాం.

ఇక ఈ వారం పని. మీరు అప్లై చేసిన ఏదో ఒక ఉద్యోగ ప్రకటన తీసి ఐదు ప్రశ్నలు రాయండి. అవును, కాదు, బాగుంటుంది అనే జవాబు వచ్చేవాటిని కొట్టేసి, జరిగినదాన్ని అడిగేలా తిరగరాయండి. ఒక్కో ప్రశ్న పక్కన అది ఎవరికో రాసి, పైకి చదివి చూసుకోండి. ఒక్క ఊపిరిలో అడగలేకపోతున్నారంటే అది రెండు ప్రశ్నలన్నమాట, విడగొట్టండి. వచ్చే పాఠం జీతం మాట ఎత్తడం గురించి, "పోయిన ఏడాది వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే జీతం భాగం) నిజంగా ఎంత శాతం చేతికొచ్చింది?" అన్న ప్రశ్నతో మొదలుపెడదాం.