అనూరాధ నడిమి చుక్క వెలుగును వట్టి కంటితో కొలవడం

పంచాంగంలో రోజూ చదివే అనూరాధ, ఆకాశంలో వరుసగా నిలిచిన మూడు చుక్కల పేరు. వృశ్చిక రాశిలోని ఈ మూడింటిలో నడిమి చుక్కను ఖగోళ శాస్త్రంలో డెల్టా స్కార్పియై అంటారు. దాని ప్రకాశ పరిమాణం 2.3 అనీ, అది పెద్దగా మారదనీ చాలాకాలం అనుకున్నారు. 2000 జూన్‌లో అర్జెంటీనా ఔత్సాహిక పరిశీలకుడు సెబాస్టియన్ ఒటెరో, అది మామూలుకన్నా వెలుగుగా ఉందని వట్టి కంటితోనే పసిగట్టాడు. తరువాత అది 1.6 వరకు చేరింది. ఈ కొలమానంలో అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు. అంటే వెలుగు దాదాపు రెట్టింపయింది.

ఇది సూర్యుడికన్నా కొన్ని రెట్లు వేడిగా, అతివేగంగా తన చుట్టూ తాను తిరిగే నీలితెలుపు నక్షత్రం. ఆ వేగానికి మధ్యరేఖ దగ్గర వాయువుపై పట్టు సడలుతుంది. బయటికి వచ్చిన వాయువు పళ్లెంలా చుట్టూ పరుచుకుని తానూ వెలుగుతుంది కనుక, పళ్లెం పెరిగినప్పుడు నక్షత్రం మనకు ప్రకాశవంతంగా కనిపిస్తుంది. దీనికి ఒక జంట నక్షత్రం కూడా ఉంది. బాగా సాగిన కక్ష్యలో సుమారు 10.8 ఏళ్లకొకసారి అది దగ్గరగా వస్తుంది. 2000, 2011, 2022 సంవత్సరాలలో అలా వచ్చింది. అయితే వెలుగులోని మార్పులన్నిటినీ ఆ జంటకే అంటగట్టడం తొందరపాటవుతుంది, ఎందుకంటే 2000లో వెలుగు పెరగడం ఆ సామీప్యానికి ముందే మొదలైంది.

పరిశీలనకు ఏప్రిల్ చివరి నుండి వానలు పట్టేవరకు మంచి కాలం. మే మధ్యలో ఈ నక్షత్రం అర్ధరాత్రి దాటిన కాసేపటికి దక్షిణాన అత్యంత ఎత్తుకు చేరుతుంది. హైదరాబాద్ నుండి చూస్తే ఆ ఎత్తు సుమారు 50 డిగ్రీలు. అప్పుడు ఎర్రగా మెరిసే జ్యేష్ఠకు కుడివైపున మూడు చుక్కలు నిలువుగా కనిపిస్తాయి. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు నడిచే దారి దీని పక్కనుండే పోతుంది కనుక, పటంలో లేని నాలుగో చుక్క అక్కడ కనిపిస్తే అది గ్రహమేనని తెలుసుకోవాలి. అనూరాధ కార్తెలో మాత్రం వెతికి లాభం లేదు. సూర్యుడు అక్కడే ఉంటాడు.

ఇరవై నిమిషాలపాటు కళ్లను చీకటికి అలవాటు చేసుకుని, ఫోను చూడకుండా, రెండు పోలిక నక్షత్రాలను ఎంచుకోండి. వృశ్చిక రాశి తేలుకొండి చివర ఉన్న మూల నక్షత్రం షౌలా 1.6, ఒఫియూకస్ అనే నక్షత్ర మండలంలోని సబిక్ 2.4. జ్యేష్ఠ తానే వెలుగు మార్చుకునే నక్షత్రం, పైగా ఎర్రనిది, కనుక పోలికకు పనికిరాదు. నడిమి చుక్క ఈ రెంటి మధ్య ఎక్కడుందో నిర్ణయించండి: షౌలా నుండి సబిక్ వైపు పావు వంతు దూరంలో ఉన్నట్టు తోస్తే, 0.8 తేడాలో పావు 0.2 కనుక అంచనా 1.8 అవుతుంది. ఒకేచోట రెప్పవేయకుండా చూడక, చూపును ఒకదాని నుండి మరొకదానికి మారుస్తూ ఉండాలి.

ఎక్కువమంది పొరపాటు పడేది ఎత్తు విషయంలో. దిగంతానికి దగ్గరైన చుక్క వెలుగును గాలి ఎక్కువగా మింగుతుంది. షౌలా హైదరాబాద్‌లో సుమారు 35 డిగ్రీలకు మించి పైకి రాదు కనుక, నడిమి చుక్క బాగా ఎత్తులో ఉన్నప్పుడు పోల్చితే దాన్ని ఉన్నదానికన్నా వెలుగుగా లెక్కవేస్తాం. నడిమి చుక్క అత్యంత ఎత్తుకు చేరిన రెండున్నర గంటల తరువాత రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. నిద్ర ఆపుకోగలిగితే అదే సరైన సమయం.

తేదీ, సమయం, వాడిన పోలిక నక్షత్రాలు, మబ్బు, వెన్నెల వివరాలు అక్కడికక్కడే రాసుకోండి. 1911లో ఏర్పడిన అమెరికన్ చరకాంతి (వెలుగు మారే) నక్షత్ర పరిశీలకుల సంఘం ఇటువంటి అంచనాలను స్వీకరిస్తుంది. దాని పటాలలో 23 అని ఉంటే 2.3 అని చదవాలి. దశాంశ బిందువు పెడితే నక్షత్రమని పొరబడతారని దానిని వదిలేస్తారు. సంఘం వాడేది విశ్వ సమయం (గ్రీన్విచ్ సమయం) కనుక, పంపేటప్పుడు మన సమయం నుండి అయిదున్నర గంటలు తీసివేయాలి, అంటే రాత్రి 10 గంటలు 16:30 అవుతుంది. నిన్నటి అంకెను మాత్రం ఈ రోజు అంచనా రాసేదాకా తిరగేసి చూడకండి. ఒకసారి చూశాక కన్ను ఆ అంకెనే మళ్లీ చూపిస్తుంది.