సంక్రాంతి దాటాక కొల్హాపురి చెప్పులు: ఎంచుకోవడం, చీరకు జత చేయడం

నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, తోలు చెప్పులు కొనడానికి మనకు అనువైన కాలం సంక్రాంతి వెళ్లాకే మొదలవుతుంది. ఇప్పుడు ఆడవాళ్లు ఎక్కువగా అడుగుతున్నవి కొల్హాపురి చెప్పులు. 2025 జూన్‌లో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా మిలాన్ ప్రదర్శనలో ఈ పోలికలున్న చెప్పులను చూపించింది. వాటి మూలం చెప్పలేదని విమర్శలు వచ్చిన తరువాత, అవి భారతీయ చేతిపని ప్రేరణతో చేసినవేనని ఒప్పుకుంది. ఆ చర్చతో వీటి పేరు కాలేజీ అమ్మాయిల నోళ్లలోనూ నానింది.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అసలు కొల్హాపురి మహారాష్ట్ర, కర్ణాటకలలో నాలుగేసి జిల్లాల్లో తయారవుతుంది. తుమ్మబెరడు, కరక్కాయలతో పదును చేసిన తోలును పొరలుగా పేర్చి, మేకులు కొట్టకుండా తోలు దారంతోనే కుడతారు. అందువల్ల కొనేటప్పుడు చెప్పును తిరగేసి అంచు చూడండి. పొరలు, కుట్లు కనిపిస్తే తోలు. అంచంతా ఒకే నునుపుగా రంగు పూసి ఉంటే అది రెక్సిన్ కావచ్చు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక ఆ వేళకే షాపుకు వెళ్లడం మంచిది.

మెట్టెలు పెట్టుకునేవారు మరొక సంగతి గమనించాలి. బొటనవేలిని చుట్టే తోలు పట్టీ పక్క వేలి మెట్టెను ఒరుసుకుంటుంది. మెట్టె చుట్లు లావుగా ఉంటే పది అడుగులు వేసేసరికే వేలు ఎర్రబడుతుంది. మెట్టెలతోనే తొడిగి, షాపులో నాలుగు సార్లు అటూ ఇటూ నడిచి చూసిన తరువాతే డబ్బు కట్టండి.

కొత్త జత గట్టిగా ఉంటుంది. పట్టీల లోపలి వైపు కొద్దిగా కొబ్బరినూనె రాసి, వారం రోజులు ఇంట్లో రోజుకు అరగంట తొడిగితే పాదానికి తగ్గట్టు వంగుతుంది. రంగు కాస్త ముదురుతుంది. నాకైతే ఆ ముదురు రంగే అందంగా తోస్తుంది.

వీటికి బాగా అమరేది నూలు చీర, అందులోనూ సన్నని జరీ అంచున్న వెంకటగిరి చీర. పట్టుచీర బరువు ముందు ఈ సాదా తోలు వెలవెలబోతుంది. చెప్పులు తొడుక్కున్న తరువాతే కుచ్చిళ్లు పోయండి, ఎందుకంటే అడుగు చదునుగా ఉంటుంది కనుక ఎత్తు మడమ లెక్కతో కట్టిన చీర నేలకు రాసుకుని అంచు మాసిపోతుంది. అంచు నేలకు అర అంగుళం పైన నిలిస్తే పట్టీ అల్లిక కూడా కనిపిస్తుంది. చుడీదార్ వేసుకుంటే చీలమండ కనిపించే పొడవు చాలు.

తడి మాత్రం వీటికి పడదు. ఒక కార్తీకమాసంలో పెన్న ఒడ్డుకు వెళ్లి నా జత తడిపేసుకున్నాను. ఆత్రంగా ఎండలో పెడితే అడుగుతోలు దోనెలా వంగిపోయింది, తిరిగి చదునుకాలేదు. తడిస్తే నీడలో, పాత వార్తాపత్రికల మధ్య బరువు పెట్టి ఆరనివ్వాలి. అక్టోబరులో మబ్బు పట్టగానే వీటిని తుడిచి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా పాత నూలు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి, సంక్రాంతి దాకా రబ్బరు చెప్పులు వాడుకోవచ్చు.